ఇంటి వద్ద రోగిసేవ: అడగవలసినవి, చూడవలసినవి

ఆసుపత్రి నుండి వృద్ధులను ఇంటికి పంపేటప్పుడు వైద్యులు "దగ్గరుండి చూసుకోండి" అంటారు. ఉపాధి నిమిత్తం చెన్నైకి వచ్చిన తెలుగు కుటుంబాలలో ఆ దగ్గరుండేవారే కరవు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు. నెల్లూరు నుండో ఒంగోలు నుండో తీసుకువచ్చిన తల్లి ఫ్లాటులో మంచం మీద ఉంటుంది. పెరంబూరు, కొరుక్కుపేటలలో తరాలుగా నివసిస్తున్నవారి స్థితి కూడా ఇందుకు భిన్నం కాదు. కనుక ఒక ఏజెన్సీకి ఫోను చేస్తాం. మరునాడు ఉదయం ఒక అపరిచిత వ్యక్తి సంచితో గుమ్మంలో నిలబడతారు. తల్లిని ఆ వ్యక్తికి అప్పగించి మనం బయటికి వెళ్ళే ముందు ఏమి అడగాలి, ఏమి చూడాలి అన్నదే ఈ పాఠం.

ముందుగా చట్టం సంగతి. ఆసుపత్రులు, క్లినిక్కుల నియంత్రణకు తమిళనాడులో 1997 నుండి ఒక చట్టం ఉంది. ఇంటికి వచ్చి చేసే సేవల విషయం వేరు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమాల కోసం 2007లో చేసిన కేంద్ర చట్టానికి 2019 డిసెంబరులో లోక్‌సభలో ఒక సవరణ బిల్లు ప్రవేశపెట్టారు. ఇంటి వద్ద సేవలందించే సంస్థలు నమోదు కావాలని, వాటికి కనీస ప్రమాణాలు ఉండాలని ఆ బిల్లు ప్రతిపాదించింది. అది చట్టరూపం దాల్చకుండానే 17వ లోక్‌సభ ముగియడంతో మురిగిపోయింది. కాబట్టి ఏజెన్సీ బోర్డు మీద "ప్రభుత్వ గుర్తింపు గలది" అని ఉంటే, ఆ గుర్తింపు దేనికి, ఎవరిచ్చారు అని అడగండి. అది కేవలం వ్యాపార నమోదు అయి ఉండవచ్చు.

వచ్చిన వ్యక్తి నర్సా, సహాయకురాలా అన్నది రెండవ ప్రశ్న. తెల్లచీర కట్టుకున్న ప్రతివారినీ "సిస్టరు" అని పిలవడం మనకు అలవాటు. ప్రమాదం అక్కడే మొదలవుతుంది. నర్సుకు తమిళనాడు నర్సులు, మంత్రసానుల మండలిలో నమోదు సంఖ్య ఉంటుంది. ఇంజెక్షను ఇవ్వడం, మూత్రనాళంలో గొట్టం అమర్చడం, ముక్కు ద్వారా ఆహారపు గొట్టం వేయడం నర్సు పనులు. స్నానం చేయించడం, తినిపించడం, బట్టలు మార్చడం, పక్కకు తిప్పడం సహాయకుల పనులు. సహాయకురాలికి ఇచ్చే జీతంతో నర్సు పని కూడా చేయించుకోవాలని చూడటం మనవైపు నుండి జరిగే తప్పు. దానిని ఏజెన్సీ మీదకు నెట్టలేము.

ఇన్సులిను గురించి కొంత వివరంగా చెప్పాలి. మన దేశంలో ఇన్సులిను ప్రధానంగా రెండు సాంద్రతలలో దొరుకుతుంది: మిల్లీలీటరుకు 40 యూనిట్లు, 100 యూనిట్లు. సిరంజిలు కూడా వాటికి తగినట్టు రెండు రకాలు. సాధారణంగా 40 సిరంజికి ఎర్రమూత, 100 సిరంజికి నారింజరంగు మూత ఉంటాయి. 100 యూనిట్ల మందును 40 సిరంజిలో 20 గీత వరకు తీస్తే రోగికి అందేది 20 కాదు, 50 యూనిట్లు. తారుమారై 40 మందును 100 సిరంజిలో తీస్తే ఎనిమిది యూనిట్లే అందుతాయి. మొదటి పొరపాటు కొన్ని గంటలలోనే ప్రాణం మీదకు తేగలదు. అందువల్ల సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని సూది వేసేవారు పైకి చదివి చూసుకోవాలి. చెమటలు పట్టడం, వణుకు, మాట తడబడటం కనిపిస్తే, రోగి స్పృహలో ఉండి మింగగలిగితే వెంటనే చక్కెర నీళ్ళు ఇవ్వాలి. స్పృహ తప్పితే నోటిలో ఏమీ పోయకుండా 108కి ఫోను చేయాలి.

మంచం పట్టినవారికి పడక పుళ్ళు మరొక శత్రువు. త్రికాస్థి, మడమలు, తుంటి, భుజాల వెనుకభాగాలను రోజూ వెలుతురులో చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలినప్పుడు తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. సాధారణంగా రెండు గంటలకు ఒకసారి పక్కకు తిప్పాలని చెబుతారు. ఆ పని జరిగిందో లేదో సాయంత్రం ఇంటికి వచ్చినవారికి తెలిసే మార్గం ఒక్కటే: మంచం పక్కన ఒక నోటుపుస్తకం. తిప్పిన వేళ, ఇచ్చిన మాత్ర, తాగిన నీరు, మూత్రం సంచిలోని కొలత, వాటి కింద సంతకం. "అన్నీ చేశానమ్మా" అన్న మాట ఎంత ఆప్యాయంగా వినిపించినా ఆ పుస్తకానికి సాటి రాదు.

ప్రాణవాయువు యంత్రం ఉన్న ఇళ్ళలో పూజామందిరం ఎక్కడుందో చూడండి. దీపం, కర్పూరం, అగరువత్తి రోగి గదిలో ఉండకూడదు; కనీసం పది అడుగుల దూరం పాటించాలి. పెద్దవారు దీపం కావాలని పట్టుబడితే వేరే గదిలో వెలిగించండి. యంత్రం విద్యుత్తుతో నడుస్తుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు నగరంలో అనేక ప్రాంతాలు నీటిలోను, చీకటిలోను ఉండిపోయాయి. కరెంటు పోతే ఏం చేస్తారు, వాన రోజున రావలసిన మనిషి రాలేకపోతే ఎవరు వస్తారు అని ఏజెన్సీని అక్టోబరుకు ముందే అడిగి రాయించుకోవాలి.

ఇక భాష. దీనిని సౌకర్యానికి సంబంధించిన విషయంగా భావిస్తారు. నా దృష్టిలో ఇది భద్రతా ప్రమాణమే. మా అమ్మమ్మకు మధుమేహం. ఒకనాడు ఆమె "కాలు తిమ్మిరి, కాలు తిమ్మిరి" అని పదేపదే అన్నది. తమిళంలో "తిమిరు" అంటే వాడుకలో పొగరు. వచ్చిన సహాయకురాలు తనను తిడుతున్నారనుకొని నొచ్చుకున్నది. తరువాత కాలు చూపిస్తే నొప్పి అనుకొని, మంచి మనసుతోనే, వేడినీళ్ళ సంచి పెట్టింది. స్పర్శ తెలియని కాలు గనుక అమ్మమ్మ దానిని తీయమనలేదు. రాత్రికి పాదం బొబ్బలెక్కింది. అది మానడానికి రెండు నెలలు పట్టింది. ఆమెకు తెలుగు రాదని మాకు ముందే తెలుసు. అయినా ఒక్క కాగితం రాసి పెట్టలేదు.

ఆ కాగితంలో ఉండవలసిన మాటలు ఎన్నో కావు. నొప్పికి తమిళంలో వలి, మంటకు ఎరిచ్చల్, కళ్ళు తిరగడానికి తలై సుట్రల్, దగ్గుకు ఇరుమల్, తిమ్మిరికి మరత్తుప్పోదల్. వాంతి రెండు భాషలలోనూ వాంతియే; మాత్రను మాత్తిరై అంటారు. పెద్దవారు వాడే మాటనే తెలుగులో రాసి, ఎదురుగా తమిళ అర్థం రాసి గోడకు అంటించండి. సహాయకులు ఒడిశా నుండో ఈశాన్య రాష్ట్రాల నుండో వచ్చినవారైతే వారి భాషలో రాయించండి.

వచ్చేవారి విశ్రాంతి గురించి కూడా ఆలోచించాలి. ఇరవై నాలుగు గంటలూ ఒకే మనిషిని ఉంచి, రాత్రి నాలుగుసార్లు లేపి, తెల్లవారి మందు లెక్క తప్పిందని కోపగించుకోవడం న్యాయం కాదు. నిద్ర, భోజనం, వారపు సెలవు ఒప్పందంలోనే ఉండాలి.

ఖర్చు భరించలేనివారు ప్రభుత్వ సేవను మరువరాదు. తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో "మక్కళై తేడి మరుత్తువం" పథకాన్ని ప్రారంభించింది. ప్రజలను వెతుక్కుంటూ వచ్చే వైద్యం అని దాని అర్థం. రక్తపోటు, మధుమేహాల మందులు, ఫిజియోథెరపీ, ఉపశమన సేవ ఈ పథకం కింద ఇంటి వద్దకే ఉచితంగా అందుతాయి. మీ వార్డుకు చెందిన పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పేరు నమోదు చేయించుకోవాలి.

డబ్బు చెల్లించి పొందిన సేవలో లోపముంటే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వర్తిస్తుంది. రెండు సంవత్సరాలలోపు జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయవచ్చు. సలహాకు 1915కి ఫోను చేయవచ్చు. అక్కడ రసీదు, ఒప్పందం, పైన చెప్పిన నోటుపుస్తకం మీకు ఆధారాలవుతాయి. వృద్ధులపై దౌర్జన్యం జరిగితే 14567కు తెలపండి.

చివరగా చెత్తబుట్ట సంగతి. ఇళ్ళలో వాడిన సూదులను 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు గృహ ప్రమాదకర వ్యర్థాలుగా పేర్కొన్నాయి. వాటిని కూరగాయల తొక్కలతో కలిపితే మరునాడు పారిశుద్ధ్య కార్మికుల చేతికి గుచ్చుకుంటాయి. సూదికి తిరిగి మూత పెట్టే ప్రయత్నం చేయకుండా గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేయించండి. డబ్బా నిండాక మూత బిగించి, పైన "సూదులు" అని, దాని కింద తమిళంలో "ఊసి" అని రాసి విడిగా చేతికివ్వండి.