ఆడపిల్లకు పని కాదు, పెత్తనం ఇవ్వండి

మన ఇళ్లలో ఆడపిల్లకు పని చెప్పడం ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు. ముగ్గు వేస్తుంది, తమ్ముణ్ణి ఎత్తుకుంటుంది, చుట్టాలొస్తే మంచినీళ్లు తెచ్చిస్తుంది. ఏ కూర వండాలో, ఏ పూట ఊరికి బయల్దేరాలో మాత్రం ఆమెను అడగం. పంచాయతీల్లో సగం పదవులు మహిళలకే కేటాయించిన మన రెండు రాష్ట్రాల్లో, కుర్చీ భార్యది, పెత్తనం భర్తది అయిన ఊళ్లు ఇంకా ఉన్నాయంటే కారణం కొంత ఇక్కడే ఉంది. నిర్ణయం తీసుకోవడం చిన్నప్పటి నుంచే అలవాటవ్వాలి. పదేళ్లకు అటూ ఇటూగా మొదలుపెట్టండి.

మొదటి మెట్టు: ఒక్క విషయం పూర్తిగా అప్పజెప్పండి

వారానికి సరిపడా కూరగాయలతో మొదలుపెట్టడం తేలిక. రైతుబజారుకు తీసుకెళ్లి డబ్బు చేతికివ్వండి. ఏం కొనాలో, ఎంత కొనాలో, ఎవరి దగ్గర కొనాలో తనిష్టం. మీ పని సంచి మోయడం. అక్కడ ధరల బోర్డు ఉంటుంది కాబట్టి కొత్తలో కంగారుండదు. బేరం నేర్చుకోవాలంటే తర్వాత సంతకు తీసుకెళ్లండి, మధ్యలో మాత్రం దూరకండి. మెత్తబడ్డ టమాటాలు తెచ్చిందా, ఆ రాత్రికి పచ్చడి చేసుకోండి, సణగకండి. గురువారానికే కూరలు అయిపోతే మీరు పరిగెత్తుకెళ్లి తేవద్దు. "ఇప్పుడేం చేద్దామమ్మా?" అని అడగండి. పప్పుచారో, ఉల్లిపాయ పులుసో తనే తేలుస్తుంది. అందరికీ కష్టమైన మెట్టు ఇదే. పిల్లకంటే పెద్దవాళ్లకు ఎక్కువ కష్టం. తొందరపడి రెండోదానికి వెళ్లకండి.

రెండో మెట్టు: ఇంట్లో సమావేశం పెట్టించండి

అమ్మ పొదుపు సంఘంలో ఉంటే ఇది సులువు. క్రమం తప్పకుండా సమావేశం, పొదుపు, సంఘంలోనే అప్పులివ్వడం, వేళకు తిరిగి కట్టడం, పుస్తకాలు సరిగా రాయడం అనే పంచసూత్రాలు ఆమెకు కొట్టినపిండి. ఒకటి రెండుసార్లు అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి. తర్వాత ఆదివారం ఇంట్లో పావుగంట కూర్చోండి. ఈ వారం ఖర్చెంత, వచ్చేవారం ఏం పనులున్నాయి, అంతే. నడిపేది అమ్మాయి, తీర్మానాలు నోటుబుక్కులో రాసేది కూడా తనే. నాన్న మధ్యలో మాట అందుకుంటే "నాన్నా, నీ వంతు వచ్చాక చెప్పు" అనగలగాలి. పక్కనున్న చుట్టాలు "పిల్లకు నోరెక్కువైంది" అంటారు. అననివ్వండి.

మూడో మెట్టు: బయటి మనుషులతో మాట్లాడనివ్వండి

పదేళ్లు నిండిన పిల్లలు పోస్టాఫీసులో తమ పేరునే సేవింగ్స్ ఖాతా తెరిచి, తామే నడుపుకోవచ్చు. రూ.500 ఉంటే చాలు. ఫారం తననే నింపనివ్వండి. కౌంటర్లో ఉన్నాయన అలవాటు కొద్దీ మీవైపు చూసి ప్రశ్న వేస్తాడు. మీరు అమ్మాయివైపు చూడండి.

నాలుగో మెట్టు: పదిమందిని నడపనివ్వండి

బతుకమ్మకు పూలు సేకరించడమో, గొబ్బెమ్మలకు వాడలోని చిన్నపిల్లల్ని పోగుచేయడమో ఇందుకు బాగుంటాయి. ఎవరు ఏం తేవాలో తనే పంచాలి, తగవు వస్తే తనే తీర్చాలి. వినాయక చవితి పందిట్లో మగపిల్లలు చందాలు వసూలు చేస్తుంటే ఆడపిల్లలు ప్రసాదం పంచడమనేది ఆచారం. ఈసారి చందా పుస్తకం అమ్మాయికి ఇచ్చి చూడండి.

ఒకసారి పెత్తనం ఇచ్చాక పెద్దవాళ్ల కోసం నియమం సడలించకండి. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభల సందర్భంగా జరిగిన ఖద్దరు ప్రదర్శనలో టికెట్లు చూసే పని తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గా పేరొందిన పద్నాలుగేళ్ల దుర్గాబాయికి అప్పగించారు. టికెట్ లేకుండా వచ్చిన నెహ్రూను ఆమె ఆపేసింది. నిర్వాహకులు టికెట్ కొన్నాకే ఆయన్ను లోపలికి పంపింది. మీ ఇంట్లోనూ మామయ్యకు రసీదు రాయకుండా చందా తీసుకోనని అమ్మాయి అంటే, మామయ్యకు సర్దిచెప్పండి, అమ్మాయికి కాదు.

చివరగా ఒక చిన్న ఏర్పాటు. ఇవన్నీ చేయాలంటే తనకు తీరిక కావాలి. సంతకు వెళ్లిన రోజు తను తోమాల్సిన గిన్నెలు ఎవరు తోముతారో ముందే తేల్చండి. ఇంట్లో అన్నయ్యో తమ్ముడో ఉంటే ఆ విషయం ఆదివారం సమావేశంలో అమ్మాయినే పెట్టమనండి.