ఐదు పులాల నాణెం మీద గొంగళిపురుగు

క్యాష్ కౌంటర్లో ఇరవై రెండేళ్ళు కూర్చున్నాను కాబట్టి, ఏ నాణెం చేతికొచ్చినా తిరగేసి చూడటం నాకు అలవాటు. ఆఫ్రికాలోని బోట్స్‌వానాలో ఉద్యోగం చేసే మా బావమరిది పోయిన సెలవుల్లో ఐదు పులాల నాణెం ఇచ్చాడు. వెనకవైపు గొంగళిపురుగు! "ఛీ, పురుగా?" అంది మా అమ్మాయి. "పురుగు కాదమ్మలూ, వాళ్ళకది పంట" అన్నాడు వాళ్ళ మామయ్య.

పులా అంటే అక్కడి సెట్స్‌వానా భాషలో వాన అట. పురుగుకూ వానకూ ఉన్న సంబంధం తర్వాత చదివి తెలుసుకున్నాను.

దాని పేరు మొపానే పురుగు. ఎక్కువగా మొపానే చెట్టు ఆకులే తింటుంది. వానలు మొదలవగానే నేలలోంచి అరచేయంత రెక్కల పురుగులు బయటికొస్తాయి. వెనక రెక్కల మీద నారింజరంగులో పెద్ద కళ్ళలాంటి మచ్చలు. చిత్రమేమిటంటే వీటికి తినే నోరే లేదు. మూడు నాలుగు రోజుల్లో జతకట్టి, గుడ్లు పెట్టి చనిపోతాయి. జీవితానికి కావలసిన తిండంతా గొంగళిపురుగుగా ఉన్నప్పుడే తినాలి. నాలుగుసార్లు కుబుసం విడిచి, బొటనవేలంత లావయ్యాక చెట్టు దిగి మట్టిలోకి దూరుతుంది.

మన మహదేవపూర్, చెన్నూరు అడవుల్లో మద్దిచెట్ల మీద పెంచే దసలి పట్టుపురుగుదీ ఇదే కుటుంబం. అయితే దసలి పురుగు పట్టుగూడు అల్లుకుంటుంది, ఇది అల్లుకోదు. చలికాలమంతా మట్టిలోనే నిద్రపోయి తొలి వానలకు లేస్తుంది.

చాలాచోట్ల ఏడాదికి రెండు పంటలు, డిసెంబరు ప్రాంతంలో ఒకటి, ఏప్రిల్ ప్రాంతంలో ఒకటి. ఏరేది ఎక్కువగా ఆడవాళ్ళే. పొట్టలోని ఆకుపసరు పిండేసి, ఉప్పునీళ్ళలో ఉడికించి, ఎండబెడతారు. ఎండిన పురుగులో సగానికి పైగా మాంసకృత్తులే. కొంత ఇంట్లోకి ఉంచుకుని మిగిలింది అమ్ముతారు. పిల్లల ఫీజులకు ఆ డబ్బే ఆధారమైన ఇళ్ళున్నాయి.

చిక్కల్లా ఇక్కడే. బాగా బలిసిన పురుగుకే ధర. అంటే మట్టిలోకి దిగి మరుసటి పంటకు విత్తనం కావలసిన పురుగునే ఏరేస్తారన్నమాట. బయటి వ్యాపారులు లారీలతో వచ్చాక ఏరేవాళ్ళు పెరిగారు. అందని పురుగుల కోసం కొమ్మలు నరికేవాళ్ళూ ఉన్నారు. పైగా వానలు తప్పిన ఏడు పురుగే అంతంతమాత్రం. నా కళ్ళకిది ఫిక్సెడ్ డిపాజిట్‌ను గడువుకు ముందే తీసేసుకోవడంలా కనిపించింది. కానీ ఫీజు గడువు రేపే అయితే, డిపాజిట్ తీయొద్దని మన కౌంటర్లో మాత్రం ఎవరితో అనగలం?

ఈసారి వచ్చేటప్పుడు ఒక ప్యాకెట్ తెమ్మని మా అమ్మాయి మామయ్యకు చెప్పింది. వండే గిన్నె కూడా వాణ్ణే తెచ్చుకోమంది మా ఆవిడ.