ఊరందరికీ ఒకటే టీవీ

విశాఖపట్నంలో స్టీలు ప్లాంటు క్వార్టర్లలోనూ, జాలరిపేటలోనూ చాలా ఇళ్లలో టీవీ ఉంది. సినిమాలు వస్తాయి, సీరియళ్లు వస్తాయి. కానీ తెలుగు పల్లెలకు టీవీ మొదట వెళ్లింది సినిమా కోసం కాదు. పాఠం కోసం.

1975 ఆగస్టు 1న ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు టీవీ పాఠాలు మొదలయ్యాయి. అప్పటి మన రాష్ట్రంలో హైదరాబాదు, మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల పల్లెలను ఎంచుకున్నారు. విశాఖ వంతు అప్పుడు రాలేదు.

ఈ ఆలోచన విక్రం సారాభాయ్ అనే శాస్త్రవేత్తది. టీవీ ముందు పట్నానికే ఎందుకు రావాలి, పల్లెకు ఎందుకు వెళ్లకూడదు అన్నది ఆయన వాదన. పాపం, అది చూడ్డానికి ఆయన లేరు. 1971లోనే చనిపోయారు.

టవర్లు లేని పల్లెకు బొమ్మ ఎలా వెళ్లింది? ఉపగ్రహం ద్వారా. ఉపగ్రహం అంటే భూమి చుట్టూ తిరిగే యంత్రం. అది అమెరికా వాళ్లది. ఒక్క ఏడాదికి మనకిచ్చారు. అహ్మదాబాదు నుంచి బొమ్మనూ మాటనూ పైకి పంపేవారు. 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహం వాటిని అందుకుని కిందికి పంపేది. పల్లెలో తిరగేసిన పెద్ద గొడుగులాంటి డిష్ వాటిని పట్టేది. ఆ డిష్ దేనితో చేశారనుకున్నారు? కోళ్ల గూటికి కొట్టే ఇనుప వలతో! సెట్లు హైదరాబాదు ఈసీఐఎల్‌లో తయారయ్యాయి. కరెంటు లేని కొన్ని ఊళ్లలో బ్యాటరీలు పెట్టారు.

ఊరికి ఒకటే సెట్టు. పొద్దున పిల్లలకు పాఠాలు. సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, ఆటపాటలు. నాలుగు భాషలు పంచుకోవాలి గనుక తెలుగుకు దక్కింది కొంచెమే. పైగా అది ఆడవాళ్లు పొయ్యి దగ్గరుండే వేళ. చూసేవాళ్లలో మగవాళ్లే ఎక్కువ. అయినా తర్వాత పరిశోధకులు విచారిస్తే, చూసినవాళ్లలో ఆడవాళ్లూ, చదువురానివాళ్లూ ఎక్కువ నేర్చుకున్నారని తేలింది.

1976 జులై 31న గడువు తీరింది. చాలా ఊళ్లలో టీవీ మూగబోయింది. 1983లో ఇన్‌శాట్-1బి వచ్చాక మన సొంత ఉపగ్రహం నుంచి కార్యక్రమాలు వచ్చాయి.

2020లో కరోనాకు బడులు మూతపడ్డాయి. దూరదర్శన్ సప్తగిరిలో పదో తరగతి పాఠాలు వచ్చాయి. గాజువాక పిల్లకైనా, పాడేరు పిల్లకైనా ఇంట్లో టీవీ ఉంటేనే ఆ పాఠం. లేకపోతే పక్కింటికి వెళ్దామన్నా భయమే. 1975లోలాగా ఊరందరినీ ఒక్క సెట్టు ముందు కూర్చోబెట్టే రోజులు కావవి.