కార్డు దగ్గర మొహమాటం వద్దు

"బాబూ, కాస్త డబ్బులు తీసిపెట్టవా?" ఏటీఎం గదిలో ఈ మాట తరచూ వినిపిస్తుంది. తునిలో మామిడికాయల బేరాలు సాగే వేసవి కావచ్చు, లోవ తలుపులమ్మ దర్శనానికి జనం పోటెత్తే ఆదివారం కావచ్చు, పక్కన నిలబడ్డ మనిషి ఎవరో తెలియదు. అయినా కార్డు ఇచ్చేస్తాం, పిన్ కూడా చెప్పేస్తాం. సాయం చేస్తానంటూ తనే ముందుకొచ్చినవాణ్ని వద్దంటే ఏమనుకుంటాడోనని మొహమాటం. మోసగాడు కాచుకుని ఉండేది దానికోసమే.

అతను డబ్బు తీసి, లెక్కపెట్టి మరీ ఇస్తాడు. తిరిగిచ్చే కార్డు మాత్రం మీది కాదు. అదే బ్యాంకుది, అదే రంగుది, పనికిరానిది. మీరు ఇల్లు చేరేలోపు మరో ఏటీఎంలో మీ ఖాతా ఖాళీ అవుతుంది. అందుకే కార్డు చేతికి రాగానే దానిమీద పేరు చదవండి. సాయం కావాలంటే బ్యాంకు లోపలికెళ్లి సిబ్బందిని అడగండి. విత్‌డ్రాయల్ ఫారం నింపుకోవడం నామోషీ కాదు.

హైవే మీద బంకులో బండి దిగకుండానే కార్డు అందించి, పిన్ కేకేసి చెప్పేవాళ్లను చూస్తే నాకు గుండె గుభేలుమంటుంది. కార్డు వెనక నల్లపట్టీలో సమాచారం ఎప్పుడూ ఒకటే. దాన్ని దొంగిలించే స్కిమ్మర్ అనే పరికరంలో ఒక్కసారి గీస్తే చాలు, నకలు కార్డు తయారు. చిప్ అలా కాదు, ప్రతి లావాదేవీకీ కొత్త కోడ్ పుట్టిస్తుంది. అందుకే 2018 చివరికల్లా ఉత్త పట్టీ కార్డులను మార్చేయమని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. కానీ చిప్ కార్డు వెనకా ఆ పట్టీ ఉంటోంది. పిన్ తెలియకపోతే ఏటీఎంలో నకలు పనిచేయదు కాబట్టి, నొక్కేటప్పుడు అరచెయ్యి అడ్డుపెట్టండి. బంకులోనైతే "మెషిన్ ఇటు తీసుకురండి" అని గట్టిగా అడగండి.

కార్డుకు రెండువైపులా ఫొటో తీసుకున్నవాడికి పిన్నూ అక్కర్లేదు. ఓటీపీ అడగని విదేశీ వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి. బ్యాంకు యాప్‌లో విదేశీ లావాదేవీలు ఆపేసుకోండి. 5,000 రూపాయల వరకు పిన్ లేకుండా సాగే ట్యాప్ చెల్లింపు మీకు అవసరం లేకపోతే అదీ ఆపేయండి.

డబ్బు పోయాక ఇంట్లో తిడతారని దాచుకోవడం ఇంకా పెద్ద నష్టం. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా బయటివాడి మోసంతో డబ్బు పోతే, బ్యాంకు మెసేజ్ వచ్చాక 3 పనిదినాల్లో బ్యాంకుకు చెప్పినవారికి నష్టం సున్నా. 4 నుంచి 7 పనిదినాలైతే, మామూలు పొదుపు ఖాతాదారు మీద పడేది గరిష్ఠంగా 10,000 రూపాయలు. పిన్ మీరే చెప్పి ఉంటే ఫిర్యాదు చేసేదాకా పోయిందంతా మీదే. ఫిర్యాదు చేశాక పోయేది మాత్రం బ్యాంకు భరించాలి. కాబట్టి తప్పు మనదైనా సరే, వెంటనే బ్యాంకుకు, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. బ్యాంకు నంబరు కార్డు వెనకే ఉంటే చాలదు, ఫోన్లోనూ ఉండాలి.

ఇంట్లో పెద్దవాళ్ల ఖాతాకు ఏ ఫోన్ నంబరు ఇచ్చారో ఇవాళే అడగండి. ఎప్పుడో మార్చేసిన సిమ్‌దైతే ఆ మెసేజ్ వాళ్లకు చేరనే చేరదు. పాసుపుస్తకం, ఆధార్ పట్టుకుని బ్యాంకుకెళ్లి ఈ వారంలోనే మార్పించండి.