ఇరవై గేజ్ తుపాకీ, ముప్పై గజాల గీత

ఎల్ క్యాంపో, టెక్సాస్
అక్టోబరు

చి. సింధుకు,

షాపులో 28 గేజ్ చేతిలోకి తీసుకోగానే మనసు పారేసుకున్నావనీ, పక్కనున్న పెద్దమనిషి ‘బాతులకి పన్నెండు తప్ప ఏదీ పనికిరాదు’ అని నీ ఉత్సాహం మీద నీళ్లు చల్లాడనీ రాశావు. ఆయన చెప్పింది సగమే నిజం. మిగతా సగం చెప్తాను గానీ, ముందు నీ వీసా సంగతి తేలాలి.

నువ్వు హెచ్1బీ మీద ఉన్నావు. ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం ఆ వీసా వాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండకూడదు. కొనడం ఒక్కటే కాదు, నా తుపాకీ అరువు తీసుకున్నా తప్పే. ఒక మినహాయింపు ఉంది: ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు, గడువు దాటనిది, నీ పేరున ఉండాలి. టెక్సాస్ వేట లైసెన్సు ఆగస్టు 31తో చెల్లిపోతుంది. అది మర్చిపోయి సెప్టెంబరులో తుపాకీ బీరువాలో పెట్టుకుని కూర్చుంటే నేరమే. నీ గ్రీన్ కార్డు ఫైలుకి ఆ మచ్చ అంటితే ఏ మామయ్యా చెరపలేడు. ఓసారి మీ ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడు. వేట భద్రత కోర్సు కూడా తప్పదు. 1971 సెప్టెంబరు 2 నుంచి పుట్టిన వాళ్లందరికీ అది పెట్టారు. నాకు వయసు దృష్ట్యా మినహాయింపు ఉన్నా కూర్చుని చదివాను, నష్టమేం లేదు.

ఇక గేజ్. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుళ్లుగా పోస్తే, అందులో ఒక గుండు ఎంత లావుంటుందో 12 గేజ్ గొట్టం లోపల అంత వెడల్పు. ఇరవై గుళ్లు చేస్తే 20, ఇరవై ఎనిమిది చేస్తే 28. అందుకే అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది: 12 సుమారు పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు, 20 పదిహేనున్నర, 28 పద్నాలుగు. ‘ఫోర్ టెన్’ మాత్రం ఈ లెక్కలోది కాదు, అది నేరుగా అంగుళాల్లో కొలత, 0.410.

ఆ పెద్దమనిషి మింగేసిన సగం ఇది. 20 తూటాలోంచి వెళ్లిన ఒక రవ్వకీ 12 తూటాలోంచి వెళ్లిన రవ్వకీ, సైజూ వేగమూ ఒకటే అయితే, దెబ్బలో తేడా లేదు. తనని ఏ గొట్టం తోలిందో రవ్వకి తెలియదు. తేడా అంతా లెక్కలో. ఉక్కు రవ్వల్లో 2 నంబరువి ఔన్సుకి సుమారు 125. పన్నెండులో మూడంగుళాల తూటాకి ఔన్సుంబావు పడితే నూట యాభై పైచిలుకు రవ్వలు. ఇరవైలో అదే పొడవు తూటాకి సాధారణంగా ముప్పాతిక నుంచి ఔన్సు లోపు. ఔన్సులో ఎనిమిదింట ఏడు వంతులనుకుంటే నూట తొమ్మిది. దూరం పోయేకొద్దీ రవ్వలు విడిపోతాయి. ఎక్కువ రవ్వలున్న తూటాకి నలభై గజాల దగ్గర కూడా బాతుని కప్పేంత చిక్కదనం మిగులుతుంది. తక్కువున్న దానికి మధ్యలో కంతలు పడతాయి. ఆ కంతలో ఉన్న బాతు చావదు, రెండు రవ్వలు కడుపులో వేసుకుని ఎగిరిపోతుంది. రెల్లు పొదల్లో ఎక్కడో పడి, రెండు రోజుల తర్వాత నక్క పాలవుతుంది. చిన్న తుపాకీ వేటగాళ్లకి చెడ్డపేరు వచ్చింది ఇలాంటి బాతుల వల్లే, తుపాకీ వల్ల కాదు.

సీసం రోజుల్లో ఈ గొడవ ఇంత లేదు. సీసం బరువైంది, నీటికి పదకొండు రెట్లు పైన. చిన్న రవ్వ కూడా లోతుకి దిగేది. కానీ బాతులు గింజలు నూరుకోడానికి గులకరాళ్లతో పాటు బురదలో పడిన సీసపు రవ్వల్ని కూడా మింగేవి. కందనకాయలో అవి అరిగి, విషం ఒంట్లోకి ఎక్కి, పక్షి చిక్కిపోయి చచ్చేది. దాన్ని తిన్న బాల్డ్ ఈగిల్ కూడా చచ్చేది. 1987లో మొదలుపెట్టి అంచెలంచెలుగా, 1991 నాటికి దేశమంతా నీటిపక్షుల వేటలో సీసం నిషేధించారు. మంచి పని చేశారు. కాకపోతే సీసం బదులు వచ్చిన ఉక్కు తేలిక, ఎనిమిది రెట్ల లోపు. అదే దెబ్బ పడాలంటే రెండు సైజులు పెద్ద రవ్వ వాడాలి. పెద్ద రవ్వలు చిన్న తూటాలో ఎన్ని పడతాయి? 28 గేజ్ వాడేవాళ్లు నీటిపక్షుల వేట వదిలేసింది అందుకే.

మళ్లీ ఇప్పుడు వాళ్లు తిరిగొస్తున్నారంటే కారణం కొత్త లోహాలు. బిస్మత్ తొమ్మిదిన్నర రెట్లు పైన, సీసానికి దగ్గర దగ్గరగా. టంగ్‌స్టన్ మిశ్రమాల్లో అన్నిటికన్నా బరువైన దాన్ని టీఎస్ఎస్ అంటారు, పద్దెనిమిది రెట్లు. దాని 9 నంబరు రవ్వ ఆవగింజంత కనిపిస్తుంది గానీ 2 నంబరు ఉక్కు కంటే లోతుకి దిగుతుంది, ఔన్సుకి మూడు వందల అరవై దాకా పడతాయి. ధర మాత్రం నీ జీతానికే గిట్టుబాటు. బాతు ఖరీదు కంటే తూటా ఖరీదెక్కువని మీ అత్తయ్య దెప్పుతూనే ఉంటుంది.

నా మాట వింటే 20 తీసుకో, 28 కాదు. సెప్టెంబరులో వచ్చే టీల్ బాతులు పావురమంత ఉంటాయి, దగ్గరగా దూసుకొస్తాయి, వాటికి 28లో బిస్మత్ చక్కగా సరిపోతుంది. కానీ జనవరి దాకా ఒకే తుపాకీతో నెట్టుకురావాలంటే, గాడ్‌వాల్, సూదితోక, మల్లార్డ్ అన్నిటికీ 20 ఉత్తమం. 3 నంబరు ఉక్కుతో మొదలుపెట్టు. ఫోర్ టెన్ జోలికి పోకు. అది చేయి తిరిగినవాళ్ల ముచ్చట. ‘20 అయితే భుజానికి హాయి’ అని కూడా చెప్తారు. పూర్తిగా నమ్మకు. ఆరు పౌన్ల తేలిక తుపాకీలో మూడంగుళాల తూటా పేలిస్తే, ఏడున్నర పౌన్ల 12లో తేలికపాటి తూటా కంటే తక్కువేం తన్నదు. గ్యాస్‌తో నడిచే సెమీ ఆటోమేటిక్ అయితే కొంత మేలు. తేలిక తుపాకీతో ఇంకో ఇబ్బంది, ట్రిగ్గర్ నొక్కగానే చేయి ఆగిపోతుంది. బాతు ముందుకి పోతుంది, రవ్వలు తోక వెనక పోతాయి. పేలాక కూడా గొట్టం తిరుగుతూనే ఉండాలి.

మన ఊరి నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా పాత ఇంగ్లీషు జంటగొట్టాల తుపాకీ ఇస్తానంటే, అందులో ఉక్కు వేయకు. ఆ పల్చటి గొట్టాలూ, గొట్టం మూతిని ఇరుకు చేసే బిగుతు చోకులూ మెత్తటి సీసం కోసం చేసినవి. కొత్త తుపాకీలో కూడా ఉక్కుకి ‘ఇంప్రూవ్డ్ సిలిండర్’ గానీ ‘మోడిఫైడ్’ గానీ చాలు, ఉక్కు సాగదు కాబట్టి సహజంగానే గుంపుగా పోతుంది.

తుపాకీ వచ్చాక బాతుల దగ్గరికి కాదు, కాగితం దగ్గరికి పద. మాంసం షాపులో చుట్టే గోధుమరంగు కాగితం నిలువెత్తు కట్టి, 30 గజాలు కొలిచి, ఒకటి కాల్చు. రవ్వలు దట్టంగా పడిన చోటు చుట్టూ ముప్పై అంగుళాల గుండ్రం గీసి చిల్లులు లెక్కపెట్టు. అట్ట మీద అసలు సైజు బాతు బొమ్మ కత్తిరించి ఆ గుండ్రంలో అటూ ఇటూ జరుపు. ఎక్కడ పెట్టినా నాలుగైదు చిల్లులు బొమ్మలో పడుతున్నాయా? ఎక్కడో ఒకటే పడుతోందా? ఒకటే పడితే ఐదు గజాలు ముందుకొచ్చి మళ్లీ కాల్చు. చోక్ మార్చు, తూటా కంపెనీ మార్చు. ఒకే నంబరు రవ్వ ఒక కంపెనీ తూటాలో చిక్కగా, ఇంకో దానిలో చెదురుమదురుగా పడటం నేను ఎన్నోసార్లు చూశాను. ఆ కాగితం చెప్పిన దూరమే నీ దూరం. నాలాంటి వాళ్లు చెప్పింది కాదు.

వేటాడే వరి మడిలో ఆ దూరం ఎలా తెలియాలి? తెల్లవారుజామున ఆకాశంలో ఏదీ కొలతకి దొరకదు. దీమాలు, అదే ఇక్కడివాళ్ల డికాయ్‌లు, నీళ్లలో వదిలేటప్పుడు అన్నిటికన్నా దూరంగా ఉండే బొమ్మని అడుగులు లెక్కపెట్టి సరిగ్గా 30 గజాల దగ్గర నిలుపుతాను. దాని అవతల ఉన్నది ఎంత అందంగా వచ్చినా నాది కాదు. ఇవతలికి వచ్చి, రెక్కలు వంచి, కాళ్లు కిందికి దింపిందా, అప్పుడు లే. నువ్వు కూర్చున్న చోట గాలి వీపుకి తగలాలి. బాతులు గాలికి ఎదురుగా దిగుతాయి కాబట్టి నీ ముఖం ముందుకే వస్తాయి.

పెద్దబాతులు వేరే కథ. కెనడా గూస్ నాలుగైదు కిలోల దాకా ఉంటుంది. రెక్కలు నెమ్మదిగా ఆడిస్తుంటే తీరిగ్గా పోతున్నట్టుంటుంది, నిజానికి వేగంలో బాతుకి ఏమాత్రం తీసిపోదు. ఒళ్లు పెద్దది కావడంతో యాభై గజాల దూరంలో ఉన్నది ముప్పైలో ఉన్నట్టు కళ్లని మోసం చేస్తుంది. 20తో గూస్ కొట్టాలంటే టీఎస్ఎస్ గానీ పెద్ద బిస్మత్ గానీ వేసి, ముప్పై లోపు, తలా మెడా చూసి కొట్టాలి. బీబీ సైజు పెద్ద ఉక్కు రవ్వలు వేసుకోకు. ఇరవై గేజ్‌లో అవి అరవై మూడే పడతాయి, గుండ్రం అంతా కంతలే. ఈ ఏడాది నువ్వు గూస్ జోలికి పోకపోతే సంతోషిస్తాను.

పోవాలన్నా అవి కాస్త తగ్గాయిలే. నువ్వుండే కేటీ ఒకప్పుడు వరి ఊరు. ఇప్పుడు మనవాళ్ల ఇళ్లున్న కాలనీలు చాలావరకు ఆ పొలాల మీద లేచినవే. ఎల్ క్యాంపో, ఈగిల్ లేక్, గార్‌వుడ్ దాకా వరికోతల తర్వాత మిగిలిన గింజ మీద స్నో గూస్‌లు పొలం తెల్లబడేలా దిగేవి. వాటికి దీమాలుగా తెల్లగుడ్డ ముక్కలు వందలకొద్దీ మోళ్ల మీద పరిచేవాళ్లు. 2012లో కరువొచ్చి కొలరాడో నది నీళ్లు వరికి ఆపేశారు. పొలాలు బీడు పడ్డాయి, పక్షులు ఆర్కెన్సా వైపు మళ్లాయి. వరి ఉంటే బాతు, నీళ్లుంటే వరి. ఈ సంగతి గోదావరి జిల్లా పిల్లకి నేను చెప్పక్కర్లేదు.

మీ అమ్మ ఫోన్లో ‘కొల్లేటికొచ్చే పిట్టల్ని చంపడమేంట్రా’ అని తిట్టింది. సూదితోక బాతు అక్కడికీ వస్తుంది, నిజమే. అక్కడ 1972 వన్యప్రాణి చట్టం ఉంది, వాటి మీద చేయి వేయకూడదు. ఇంటికెళ్లినప్పుడు ఈ సరదా నోట కూడా రానీయకు. ఇక్కడ పదహారేళ్లు నిండిన ప్రతి వేటగాడూ డక్ స్టాంపు కొనాలి. 1934లో డాలరుకి మొదలై ఇప్పుడు 25 డాలర్లు. ఆ డబ్బు దాదాపు అంతా చిత్తడి నేలలు కొని కాపాడటానికే పోతుంది. మీ అమ్మతో ఇది చెప్పి చూశాను. ‘స్టాంపు కొని ఊరుకోవచ్చుగా’ అంది. సమాధానం నా దగ్గర లేదు.

టెక్సాస్ లైసెన్సుతో పాటు వలసపక్షుల ఎండార్స్‌మెంటు, హిప్ (వలసపక్షుల వేట వివరాల) నమోదు కూడా చేయించుకో. సెమీ ఆటోమేటిక్ అయితే మ్యాగజైన్‌లో ప్లగ్గు ఉందో లేదో చూడు, మొత్తం మూడు తూటాలకి మించి పట్టకూడదు. సూర్యోదయానికి అరగంట ముందు కాల్పులు మొదలుపెట్టవచ్చు గానీ ఆ వెలుగులో ఏది ఏ బాతో తెలియదు. సీజన్ మొదటి ఐదు రోజులు మాటిల్డ్ డక్‌ని కొట్టకూడదు, అదేమో ఆడ మల్లార్డ్‌కి అచ్చు చెల్లెల్లా ఉంటుంది. నువ్వు పోల్చుకోగలిగిందే కొట్టు. పడ్డ బాతు తల ఎత్తి ఈదుతుంటే ఆలోచించకుండా వెంటనే రెండోసారి కొట్టు. ఇంటికి చేరేదాకా ఈకలతో ఒక రెక్కో తలో ఉంచాలి, వార్డెన్ చూస్తాడు.

ఒక్కటి మాత్రం కఠినంగా చెప్తున్నాను. 20 గేజ్ తూటాలు పసుపుపచ్చగా ఉండేది ఊరికే కాదు. పొరపాటున అది 12 గేజ్ తుపాకీలో పడితే చాంబర్ దాటి జారి గొట్టంలో ఇరుక్కుంటుంది. పేలలేదేమో అనుకుని దాని వెనక 12 తూటా వేసి నొక్కితే, ఎడమచేయి ఉన్న చోటే గొట్టం పగులుతుంది. నా సంచిలో 12 ఉంటాయి కాబట్టి నీ తూటాలు నీ జేబులోనే, నా సంచి ముట్టుకోకూడదు. మడి గట్టు మీద జారిపడితే కూడా ముందు తూటాలు తీసి గొట్టంలో బురద ఉందేమో చూడు.

షాపుకి వెళ్లేటప్పుడు మందపాటి జాకెట్టు వేసుకుని వెళ్లు. బట్ పొడవు జనవరి బట్టల మీద సరిపోవాలి, ఇప్పటి టీషర్టు మీద కాదు. లైసెన్సు కాపీ షాపువాడు అడుగుతాడు, ఫోన్లో కాకుండా కాగితం పట్టుకెళ్లు. ఆ రోజు నన్ను కూడా రమ్మంటే వస్తాను.

ఇట్లు,
మామయ్య