మళ్ళీ రాయించాలా? డిసెంబర్లో తేల్చే మాట కాదు

రాజాంలో ఇంటర్ చదివే పిల్ల "నేను లా చదువుతా" అంటే ఇంట్లో అందరూ ఒకసారి తలెత్తి చూస్తారు. 1997లో జీఎంఆర్‌ఐటీ కాలేజీ వచ్చిన దగ్గర్నుంచి మన ఊళ్ళో చదువంటే ఇంజినీరింగే. ఈఏపీసెట్ రాసిన పిల్లాడికి ఏ బ్రాంచి తీసుకోవాలో చెప్పడానికి అన్నయ్యలున్నారు, బావలున్నారు, వీధికొకరున్నారు. లా కోర్సుల ప్రవేశ పరీక్ష క్లాట్ రాసిన పిల్లకు అలా చెప్పేవాళ్ళు దొరకరు. అందుకే ర్యాంకు అనుకున్నట్టు రానప్పుడు ఆ బిడ్డకు కలిగే దిగులులో ఒంటరితనం కూడా ఉంటుంది. "ముందే చెప్పాం కదా" అని మనం అనకపోయినా, అన్నట్టే వినిపిస్తుంది.

లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో వేద్దామా, వచ్చినచోట చేర్చేద్దామా, ఏడాది వృథా అవుతుందేమో అన్న ఆలోచనలతో మీకూ నిద్ర పట్టదు. జవాబు తప్పకుండా దొరుకుతుంది. కాకపోతే ఫలితాలొచ్చిన వారంలోనే దాన్ని వెతకకండి.

క్లాట్ ఇప్పుడు డిసెంబర్ మొదట్లో జరుగుతోంది. కొన్ని నెలల్లోనే ఇంటర్ పబ్లిక్ పరీక్షలు. ఆ మధ్యలో మళ్ళీ రాయడం గురించి మాట ఎత్తితే పిల్ల చేతిలో ఉన్న పరీక్ష కూడా జారిపోతుంది. పైగా తొలి ర్యాంకే ఆఖరి ర్యాంకు కాకపోవచ్చు. 2024 డిసెంబర్ 1న జరిగిన పరీక్షనే చూడండి. కొన్ని జవాబుల మీద విద్యార్థులు కోర్టుకెక్కారు. ఢిల్లీ హైకోర్టు దాటి సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన ఆ వివాదంలో 2025 మే 7న తీర్పు వచ్చింది. సవరించిన ర్యాంకులు ఆ తర్వాతే ఇచ్చారు. ఆ అయిదు నెలలూ రోజూ "ఏటయ్యింది, ఏటయ్యింది" అని అడిగిన ఇంట్లో పిల్ల ఎలా గడిపి ఉంటుందో ఊహించండి.

పబ్లిక్ పరీక్షలు అయ్యాక, ఒక తీరిక రోజున క్లాట్ ప్రశ్నపత్రం, ఓఎంఆర్ నకలు పక్కపక్కన పెట్టుకుని పిల్లతో కూర్చోండి. తిట్టడానికి కాదు, చూడటానికి. 120 ప్రశ్నలు, 120 నిమిషాలు. తప్పు జవాబుకు పావు మార్కు కోత. ఒక్కోసారి మొదటి పేజీల్లో గీతలు నిండుగా ఉంటాయి. వాక్యాల కింద గీత, అంచున చిన్న చిన్న అక్షరాలు. చివరి రెండు పాసేజీల దగ్గరకు వచ్చేసరికి కాగితం తెల్లగా ఉంటుంది. అంటే పిల్లకు తెలియక కాదు, చదివే వేగం చాలలేదు. ఇది ఏడాదిలో బాగుపడే లోపమే. లెక్కల్లో పోతే అది పదో తరగతి స్థాయి గణితం, కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. అన్నీ చదివి, అన్నిటికీ జవాబులు పెట్టి, లీగల్ రీజనింగ్‌లోనే సగం తప్పులు వచ్చాయనుకోండి. అప్పుడు కొంచెం ఆగి ఆలోచించాలి.

ఇక్కడ ఒక కష్టమైన మాట చెప్పక తప్పదు. ఈ పరీక్ష మొత్తం ఇంగ్లీషు పాసేజీల మీదే నడుస్తుంది. రోజూ పేపరు చదివే అలవాటు లేని పిల్లను అదే మెటీరియల్‌తో, అదే పద్ధతిలో ఇంకో ఏడాది కూర్చోబెడితే ర్యాంకు కూడా దాదాపు అక్కడే ఉంటుంది. చదివే తీరు మారుతుందంటేనే రెండోసారికి అర్థం ఉంది.

పిల్ల మనసు సంగతి మీకు చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను. "మళ్ళీ రాస్తాను" అని పిల్ల అనగానే మనం ఊపిరి పీల్చుకుంటాం. ఆ మాట చాలాసార్లు మన కోసం అన్నది. కోచింగ్‌కు నాన్న ఎంత కట్టాడో, అమ్మ ఏ గాజులు తాకట్టు పెట్టిందో పిల్లలకు తెలుసు. "రాయను" అన్న మాట కూడా అలాంటిదే కావచ్చు. ఇంకో ఏడాది మీ చేత ఖర్చు పెట్టించడం ఇష్టం లేక ఆశను నోట్లోనే నొక్కేసుకుంటారు. పెళ్ళిళ్ళలో ఏ అత్తో "ఏటమ్మా, సీటొచ్చిందా?" అని పలకరిస్తే, జవాబు చెప్పేది మనమే అయినా తల దించుకునేది పిల్ల. ఆ ప్రశ్న వచ్చినప్పుడు "చదువుకుంటోంది అత్తయ్యా" అని నిబ్బరంగా చెప్పి మాట మార్చేయండి. మీరు సిగ్గుపడటం లేదని పిల్లకు తెలియడానికి అది చాలు.

దారులు ఇంకా ఉన్నాయి. మన రాష్ట్ర లా ప్రవేశ పరీక్ష ఏపీ లాసెట్ తెలుగులోనూ రాయొచ్చు, నెగెటివ్ మార్కులు లేవు. విశాఖ దగ్గర సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో మన రాష్ట్ర పిల్లలకు విడిగా సీట్లున్నాయి. కాబట్టి అఖిల భారత ర్యాంకు ఒక్కటే చూసి దిగులు పడకండి. డిగ్రీ అయ్యాక మూడేళ్ళ ఎల్ఎల్‌బీ ఎలాగూ ఉంది. క్లాట్‌కు గరిష్ఠ వయసు నిబంధన లేదు. అయితే "ముందు ఏదో కాలేజీలో చేరి, చదువుతూనే మళ్ళీ రాస్తుంది" అనుకునేవారికి ఒక హెచ్చరిక. అయిదేళ్ళ లా కోర్సులో మధ్యలో చేరడానికి బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు. కొత్తచోట సీటొస్తే మళ్ళీ మొదటి సంవత్సరం నుంచే. ఆ ఏడాది ఫీజు పోయినట్టే లెక్క వేసుకుని దిగండి.

క్లాట్ కొత్త నోటిఫికేషన్ ఈమధ్య జూలై, ఆగస్టుల్లో వస్తోంది. అంటే మీకు వేసవి అంతా ఉంది. లాసెట్ ఫలితం, ఇంటర్ మార్కులు, ఇంట్లో డబ్బు పరిస్థితి దాచకుండా పిల్ల ముందు పెట్టండి. ఎన్నో తారీకులోగా తేల్చుకోవాలో కూడా కలిసి అనుకోండి. ఆ రోజు ముందు పిల్లను మాట్లాడనివ్వండి. మధ్యలో ఆగిపోయినా తొందరపెట్టకండి. మీరు చెప్పాల్సింది ఆ తర్వాత చెబుదురు గాని.