అంతర్జాలముపై హామ్ రేడియో: గ్రామమునకు దాని ఉపయోగము, దాని హద్దు

మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు కరవునకు పేరుపడినవి. అయినను తుఫాను పట్టిన దినములలో ఇచ్చటి సంగతి వేరు. నల్లమల కొండలపై కురిసిన వాన అచ్చటనే నిలువదు. గంటల వ్యవధిలో గుండ్లకమ్మకును, సగిలేటికిని, వాటిలో కలియు వాగులకును దిగివచ్చును. చప్టాలమీద నీరు పొర్లును. బస్సు ఆగిపోవును. కరెంటు పోవును. కొంతసేపటికి సెల్ టవరునకు ఆధారమైన బ్యాటరీలు కూడ అడుగంటును. అట్టి రాత్రి అడవి అంచునగల పల్లెలో ఒక స్త్రీ ప్రసవవేదన పడుచున్నదని గాని, చెరువుకట్ట బలహీనపడినదని గాని మండల కేంద్రమునకు తెలుపుటకు మార్గమేది?

ఈ ప్రశ్నకుగల సమాధానములలో హామ్ రేడియో ఒకటి. ఇటీవలి సంవత్సరములలో అంతర్జాలముపై పనిచేయు హామ్ రేడియో సాఫ్టువేరులు కూడ వాడుకలోనికి వచ్చినవి. ఇవి మన గ్రామములకు ఎంతవరకు ఉపకరించును? ఎచ్చట ఉపకరింపవు? ఈ విషయమును పంచాయతీ సభ్యులు స్పష్టముగా తెలిసికొనుట మంచిది.

హామ్ రేడియో అనగా నేమి?

వ్యాపారము కొరకు గాక, అభిరుచి కొరకును, విద్య కొరకును, ఆపదలో సేవ కొరకును ప్రభుత్వమువారి లైసెన్సు పొంది సాధారణ పౌరులు నడుపుకొను రేడియో కేంద్రమునకు హామ్ రేడియో అని పేరు. ఆకాశవాణిని మనము వినగలము గాని తిరిగి బదులు చెప్పలేము. హామ్ రేడియోలో వినుటయు పలుకుటయు రెండును కలవు. ఈ రెండు పనులను చేయు యంత్రమునకు ట్రాన్స్‌సీవరు అని పేరు. మాట పలుకునపుడు ఒక మీటను నొక్కవలెను. వదలినపుడు ఎదుటివారి మాట వినబడును. ఒకరు మాటలాడునపుడు తక్కినవారందరు వినుచుందురు. పోలీసువారి వైర్‌లెస్ సెట్టును చూచినవారికి ఈ పద్ధతి తెలిసినదే.

లైసెన్సు పొందిన ప్రతి వ్యక్తికిని ఒక పిలుపుగుర్తు నిచ్చెదరు. మన దేశపు హాములలో పెక్కుమంది గుర్తులు వి.యు.2 అని గాని, వి.యు.3 అని గాని ఆరంభమగును. ఊరిలో ఇంటిపేరు ఎట్టిదో, ఆకాశమార్గమున ఈ గుర్తు అట్టిది. ప్రపంచములో ఒకరికున్న గుర్తు మరియొకరికి ఉండదు.

అంతర్జాలముపై నడచు ట్రాన్స్‌సీవరు

మామూలు రేడియోలో మాట తరంగముగా మారి, ఏరియల్ తీగనుండి వెలువడి, గాలిలో ప్రయాణించును. అంతర్జాలపు సాఫ్టువేరులో మాట అంకెలుగా మారి, కంప్యూటరునుండి గాని సెల్ ఫోనునుండి గాని ఇంటర్నెట్టు దారిన పోవును. ఇందులో రెండు రకములు కలవు.

మొదటి రకములో రేడియో తరంగమే యుండదు. క్యు.ఎస్.ఓ. నెట్ అను ఏర్పాటు ఇట్టిది. దానికి చెందిన సి.క్యు.100 అను సాఫ్టువేరు తెరపై నిజమైన ట్రాన్స్‌సీవరు బొమ్మనే చూపును. త్రిప్పు చక్రము, తరంగముల పట్టీ మున్నగునవన్నియు కలవు. కాని మాట ఒక కంప్యూటరునుండి మరియొక కంప్యూటరునకు మాత్రమే చేరును.

రెండవ రకములో అంతర్జాలము నిజమైన రేడియో కేంద్రములను కలుపు వంతెన వంటిది. కెనడా దేశమున 1997లో ఆరంభమైన ఐ.ఆర్.ఎల్.పి. ఇందు మొదటివాటిలో నొకటి. అమెరికాకు చెందిన జోనథన్ టేలర్ అను హామ్ 2002లో రూపొందించిన ఎకోలింక్ నేడు మిక్కిలి వ్యాప్తిలోనున్నది. గిద్దలూరులో కూర్చున్న లైసెన్సుదారుడు తన సెల్ ఫోనులో మాటలాడినచో, ఆ మాట అంతర్జాలము ద్వారా వేరొక దేశములోని రిపీటరును చేరి, అక్కడ తరంగముగా మారి, ఆ ఊరివారి చేతిలోని సెట్లలో వినబడగలదు. రిపీటరు అనగా ఎత్తైన చోట నిలిపి, తనకు అందిన బలహీనమైన ధ్వనిని బలముగా తిరిగి ప్రసరించు యంత్రము.

ఎకోలింక్ ఉచితముగా లభించును. మాటను చిన్నదిగా కుదించి పంపును గనుక దీనికి వేగమైన ఇంటర్నెట్టు అక్కరలేదు. సెకనుకు 13 కిలోబిట్ల పరిమాణమునకు మాట ఒదుగును. వీడియో నడువని నెమ్మది కనెక్షనుపై కూడ ఇది పనిచేయును.

వాడు విధానము

మొదట లైసెన్సు, తరువాత సాఫ్టువేరు. ఈ క్రమము తప్పరాదు. ఎకోలింకును ఫోనులో ఎక్కించుకొన్నంత మాత్రమున అది పనిచేయదు. తన పిలుపుగుర్తును తెలిపి, లైసెన్సు ప్రతిని పంపవలెను. అది సరియైనదని ధ్రువీకరింపబడిన పిమ్మటనే ప్రవేశము లభించును. ఊరు పేరు లేనివారు చొరబడకుండ ఈ కట్టుబాటు కాపాడుచున్నది.

ప్రవేశము లభించిన పిదప ముందుగా 9999 అను సంఖ్యగల పరీక్షాకేంద్రమునకు కలుపవలెను. మనము పలికిన మాటలను ఆ కేంద్రము మనకే తిరిగి వినిపించును. కంఠధ్వని స్పష్టముగానున్నదో లేదో దీనివలన తెలియును. అది కుదిరినపుడు జాబితాలోనుండి ఒక కేంద్రమును ఎన్నుకొని, మొదట కొంతసేపు వినవలెను. ఎవరును మాటలాడుట లేదని నిశ్చయించుకొని, తన గుర్తును చెప్పి, క్లుప్తముగా పలుకవలెను. ప్రతి మాటకును నడుమ ఒకటి రెండు క్షణములు ఆగవలెను. అత్యవసరముగా పిలుచువానికి ఆ సందే ఆధారము.

తన లైసెన్సు షరతులు అనుమతించునో లేదో తెలిసికొనక, ఇంటిలోని రేడియో సెట్టును అంతర్జాలమునకు జోడించి స్వయముగా వంతెనను నిలుపరాదు. ఫోనులోనుండి మాటలాడుట వేరు, గాలిలోనికి ప్రసారమును వదలుట వేరు.

లైసెన్సు లేని పిల్లలకు కూడ ఒక మార్గము కలదు. నెదర్లాండ్సు దేశములోని ట్వెంటే విశ్వవిద్యాలయములో ఒక రేడియో గ్రాహకమును అంతర్జాలమునకు జోడించియున్నారు. దానిని ఎవరైనను కంప్యూటరుపై తెరచి, తామే చక్రమును త్రిప్పుచు హాముల సంభాషణలు వినవచ్చును. ఉన్నత పాఠశాలలోని సైన్సు ఉపాధ్యాయుడు ఒక గంట వినిపించినచో, తరంగములను గూర్చిన పాఠము విద్యార్థుల మనసులకు చక్కగా పట్టును.

దీని హద్దు

ఇంతవరకు చెప్పినదంతయు ఇంటర్నెట్టు నడచునంతవరకే. మన రాష్ట్రమున ఏ.పి. ఫైబర్‌నెట్ తీగలను చాలవరకు విద్యుత్ స్తంభములపైననే లాగిరి. దానివలన ఖర్చు తగ్గినది, పని త్వరగా ముగిసినది. కాని గాలికి స్తంభము ఒరిగినచో దీపమును, ఫైబరును ఒక్కసారే పోవును. టవరునకు కరెంటు లేనిచో ఫోను పలుకదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినపుడు తీగలన్నియు తెగిపోయెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తాకినపుడు విశాఖపట్నము వంటి మహానగరములోనే సెల్ ఫోనులు మూగవోయెను. మహానగరమునకే అట్లైనపుడు కొండల నడుమ పల్లెల మాట చెప్పనక్కరలేదు.

కావున అంతర్జాలపు ట్రాన్స్‌సీవరు అభ్యాసమునకు పాఠశాల వంటిది. దూరపువారితో పరిచయమునకు అది మంచి సాధనము. ఆపద వేళ మాత్రము దానినొక్కదానినే నమ్ముకొనరాదు. ఆ సమయమున పనికివచ్చునది బ్యాటరీ, సెట్టు, తీగ, వాటిని నడుపనేర్చిన మనిషి.

2004 డిసెంబరు నేర్పిన పాఠము

హైదరాబాదులో జాతీయ అమెచ్యూరు రేడియో సంస్థ 1983లో స్థాపితమైనది. తెలుగు యువకులెందరో అచ్చట ఈ విద్య నేర్చినారు. అండమాను దీవులనుండి హామ్ ప్రసారములకు చాలకాలము అనుమతి లేకుండెను. 2004లో అనుమతి లభింపగా, ఆ సంస్థ పక్షమున శ్రీమతి భారతీ ప్రసాదు నాయకత్వమున ఒక బృందము పోర్టు బ్లెయిరు చేరి, ప్రపంచపు హాములతో సంభాషణలు ఆరంభించినది. అప్పటికది కేవలము అభిరుచితో చేసిన యాత్ర.

డిసెంబరు 26 ఉదయము భూమి కంపించినది. వెంటనే సునామీ వచ్చినది. దీవుల ఫోనులు పనిచేయకుండ పోయినవి. ప్రపంచముతో పలకరింపుల కొరకు తెచ్చిన సెట్లే ఆనాడు దీవులకును భారత ప్రధాన భూభాగమునకును నడుమ వార్తలు చేరవేసినవి. తరువాత కార్ నికోబారులో కూడ హామ్ కేంద్రమును నెలకొల్పిరి. బ్రతికియున్నవారి క్షేమసమాచారములు ఈ మార్గమున బంధువులను చేరినవి. 2001 జనవరి 26న గుజరాతులో భూకంపము వచ్చినపుడును హాములు ఇట్లే సేవ చేసిరి.

ఇందులో గమనింపదగిన విషయమొకటి కలదు. ఆపద వచ్చిన పిమ్మట ఎవరును యంత్రమును కొని నేర్చుకొనలేదు. నేర్చినవారు, సిద్ధమైన సెట్టుతో, అచ్చటనే యుండిరి. అందుచేతనే పని జరిగినది.

కొండలలో రేడియో నడచు తీరు

చేతిలో పట్టుకొను సెట్లు సాధారణముగా 144 నుండి 146 మెగాహెర్ట్సుల నడుమ పనిచేయును. ఈ తరంగములు చూపువలె తిన్నగా పోవును, కొండ అడ్డమైనచో ఆగును. మనిషి ఎత్తున పట్టుకొన్న సెట్టునకు చదును నేలపై సుమారు 5 కిలోమీటర్ల దూరమే దిగంతము. అదే ఏరియలును 30 మీటర్ల ఎత్తున నిలిపినచో దిగంతము 22 కిలోమీటర్లకు పెరుగును. ఈ ప్రాంతమున కొండ అడ్డమును అదే, ఉపాయమును అదే. లోయలోనున్న సెట్టు మాట పొరుగూరికి వినబడదు. గుట్టపైని రిపీటరు చుట్టుపట్ల మండలములను కలుపగలదు.

దూరమునకు 7 మెగాహెర్ట్సుల చుట్టుపట్ల తరంగములు వాడుదురు. ఇందులకు తీగ ఏరియలే చాలును. రెండు వైపుల 10 మీటర్ల చొప్పున రాగి తీగను లాగి, నడుమనుండి సెట్టునకు కలుపవలెను. రెండు వేపచెట్ల నడుమ దీనిని కట్టవచ్చును. కరెంటు తీగల దరిదాపులకు మాత్రము పోరాదు. ఇట్లు తక్కువ ఎత్తున కట్టిన తీగనుండి తరంగములు నిట్టనిలువుగా పైకి పోయి, ఆకాశపు పైపొరలనుండి మరలి, కొండలకు ఆవలివైపున దిగును. పగటివేళ మార్కాపురమునుండి హైదరాబాదునకు ఈ విధమున మాట పంపవచ్చును. నడుమ టవరు గాని, ఫైబరు గాని అక్కరలేదు. 12 వోల్టుల బ్యాటరీయు, దానిని నింపుటకు ఒక సౌర పలకయు ఉన్నచో చిన్న సెట్టు పనిచేయును.

లైసెన్సు పొందు విధము

12 సంవత్సరములు నిండినవారు పరీక్షకు అర్హులు. కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖలోని వైర్‌లెస్ విభాగము లైసెన్సు నిచ్చును. దరఖాస్తు ఆ శాఖవారి సరళ్ సంచార్ ద్వారమున చేసికొనవలెను. పరీక్షలో రేడియో శాస్త్రము, రేడియో నియమములు అని రెండు భాగములు కలవు. ప్రారంభకులు వ్రాయు నియమిత తరగతికి మోర్సు సంకేతములు రానక్కరలేదు. పదవ తరగతి సైన్సు శ్రద్ధగా చదివిన బాలబాలికలకు కొలది నెలల కృషితో ఇది సాధ్యము.

హామ్ రేడియోలో వ్యాపారము చేయరాదు. రాజకీయ ప్రచారము చేయరాదు. రహస్యభాష వాడరాదు. లైసెన్సు అవసరమైన సెట్టును లైసెన్సు లేక ఉంచుకొనుట నేరము. అంగడిలో దొరకుచున్నది గదా యని కొనుట తగదు.

పంచాయతీ చేయదగిన పనులు

ఒకటి: గ్రామమున శ్రద్ధగల ఇద్దరు ముగ్గురు యువతీయువకులను గుర్తించి, పరీక్షకు ప్రోత్సహించుట. ఊరిలోనే స్థిరముగా నుండువారిని ఎన్నుకొనుట మేలు. పైచదువులకు వెళ్లిపోవు వానివలన తుఫాను రాత్రి ఊరికి ఉపయోగముండదు.

రెండు: పంచాయతీ కార్యాలయమున ఒక బల్లయు, ఇంటర్నెట్టు కనెక్షనును వారికి సాయంకాలములందు విడిచియిచ్చుట. లైసెన్సు వచ్చిన తరువాత అభ్యాసమునకు ఎకోలింకు ఇచ్చటనే ఉపయోగపడును.

మూడు: అదే గదిలో ఒక బ్యాటరీని ఎల్లప్పుడు నింపియుంచుట. దాని భారమును ఒక సభ్యునికి పేరుపెట్టి అప్పగించుట.

నాలుగు: నెలకొకసారి కరెంటును, ఇంటర్నెట్టును కావలెనని ఆపి, లైసెన్సుదారులచే రేడియోపైననే పొరుగు కేంద్రమును పిలిపించుట. ఆనాడు మాట అందనిచో లోపమెచ్చటనో వానకాలమునకు ముందే తెలియును.

ఐదు: చుట్టుపట్ల లైసెన్సుదారుల పిలుపుగుర్తులను తహసీలుదారు కార్యాలయమునకు తెలిపియుంచుట. వార్త పంపువాడు ఒకచోటనున్నచో వినువాడు వేరొకచోట ఉండవలెను గదా.

సభలో చర్చించుటకు ప్రశ్నలు

1. గడచిన తుఫానులో మన గ్రామమునకు ఎన్ని గంటలు ఫోను లేకుండెను? ఆ సమయమున కబురు ఎవరు, ఎట్లు తీసికొనిపోయిరి?

2. మన ఊరికి అన్నిటికంటె ఎత్తైన చోటు ఏది? అచ్చటనుండి ఏయే గ్రామములు కనబడును?

3. అంతర్జాలపు రేడియో, అసలైన రేడియో: వీటిలో అభ్యాసమునకు ఏది, ఆపదకు ఏది? రెండును ఎందుకు కావలెను?

4. మన పాఠశాలనుండి ఈ సంవత్సరము పరీక్షకు ఎవరిని పంపగలము?

ఈ నాలుగవ ప్రశ్నకు పేర్లతో సమాధానము వ్రాసికొని సభ ముగించినచో, ఈ పాఠము చదివిన ప్రయోజనము నెరవేరినట్లే.